‘పై’ విలువ చూపించిందెవరు

రిటైరైన లెక్కల మేష్టారు ఇంట్లో ఒక్కరే ఉన్న రాత్రి, అటక మీది పాత కంప్యూటర్ దింపి, దాని సత్తా ఏపాటిదో చూద్దామని ‘పై’ విలువను వెయ్యి అంకెల దాకా కట్టమన్నారు. దాని నత్తనడకకు తెల్లారిపోతుందని ఆయన అంచనా. దుప్పటి కప్పుకునేలోగా అది పని ముగించి బీప్‌మంది.

పుస్తకంతో సరిచూశారు. ఒక్క అంకె తప్పు లేదు. మేష్టారికి ఒళ్లు మండింది. మొద్దబ్బాయికి నూటికి నూరొస్తే సర్వీసంతా ఏం చేశారో ఇప్పుడూ అదే చేశారు. దాని వెనక ఎవరు కూర్చున్నారో చూశారు. దాని వెనక, బీరువాకూ గోడకూ మధ్య సందులో, చీకటి తప్ప ఏమీ లేదు.

“ఎవర్రా దీనికి చూపించింది?” అని అలవాటు కొద్దీ గద్దించారు.

ఆ చీకట్లోంచి సన్నగా, వణుకుతూ ఒక గొంతు వచ్చింది.

“నేను కాదు సార్. నా పక్కనున్న వీడే.”