పది అడుగుల దూరం

"ఇంకోసారి ఎక్కండి," అన్నాడు డాక్టర్ రాజగోపాల్.

శేషగిరి బూట్లు విప్పాడు. స్వెట్టరు విప్పాడు. చివరికి మంకీ క్యాపు కూడా తీసి తూకం యంత్రం ఎక్కాడు. ట్యూబులైటు వెలుగులో ఆయన నున్నటి బట్టతల తళుక్కుమంది. ముల్లు తొంభై మూడు దగ్గర ఆగింది.

"నెల కిందట తొంభై ఒకటి. ఆరు కిలోలు తగ్గి రమ్మంటే రెండు పెరిగి వచ్చారా?"

"మీ మిషను సరిగ్గానే ఉందా డాక్టరు గారూ?"

"కమల గారూ, మీరెక్కండి."

కమల ఎక్కింది. నెల కిందటి అరవై ఎనిమిది ఇప్పుడు అరవై అయిదయింది.

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇద్దరూ కలిసే నడుస్తున్నారా?"

"కలిసే సార్. రోజూ ఎనిమిది రౌండ్లు. ఆయన ముందు, నేను వెనక. లెక్కపెట్టేది నేనే."

"మరి తిండి?"

"ఒకటే వంట. ఆ మాటకొస్తే ఈయనే తక్కువ తింటున్నారు. నడిచొచ్చాక ఉప్మా పెడితే రెండు చెంచాలు తిని చాలంటారు."

"నడిస్తే నాకు ఆకలి చచ్చిపోతుంది," అన్నాడు శేషగిరి, గోడమీది క్యాలెండరు చూస్తూ.

డాక్టరు నవ్వలేదు. "హెర్నియా పెద్దదవుతోంది. ఈ బరువుతో ఆపరేషన్ చేస్తే కుట్లు నిలవవు. చెయ్యకుండా వదిలేస్తే ఏదో ఒకరోజు పేగు ఇరుక్కుంటుంది. అప్పుడు ప్రాణం మీదికొస్తుంది. ఇంకో మూడు వారాలు టైమిస్తున్నా. చలి అని ముడుచుకు కూర్చోకండి."

ఆటోలో కమల ఆ అంకెలే మళ్ళీ మళ్ళీ లెక్కేసుకుంది. భయం ఉంది. కానీ భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన మనిషి. అదే తిండి, అదే నడక, అదే చలి. ఒకరు తగ్గి ఇంకొకరు ఎలా పెరుగుతారు?

"ఏమండీ, బయటేమైనా తింటున్నారా?"

"ఏంటా మాట? ఎనిమిది రౌండ్లు లెక్కపెట్టేది నువ్వేగా! భయ్యా, జరా ధీరే," అని, నెమ్మదిగా పొమ్మంటూ ఆటోవాడి వైపు తిరిగిపోయాడు శేషగిరి.

నిజమే. లెక్క ఆమెదే.

నడక మొదలుపెట్టిన రోజే ఆయన షరతు పెట్టాడు. "నడిచేటప్పుడు నన్ను మాట్లాడించకు, ఆయాసం వస్తుంది. నేను ముందు పోతుంటా, నువ్వు పాలు కాచి రా." ఆమె పాలు కాచి, పది నిమిషాలు ఆలస్యంగా ఢిల్లీ ఆర్కే పురం క్వార్టర్ల వెనకున్న పార్కుకు చేరేది. మంచులో పది అడుగుల అవతల చెట్టు కూడా కనపడేది కాదు. నీలం మంకీ క్యాపు, బూడిదరంగు శాలువా మాత్రం కనపడేవి. ఆ ఏడు ఆఫీసు స్టోర్లో వచ్చిన సరుకు అది. తెలుగువాళ్ళతో సహా క్వార్టర్లలో సగం మంది మగవాళ్ళకు అదే వేషం. ఆమె ఆ క్యాపు వెనకే నడిచేది. ఇంట్లో మంచం దిగడానికే మూలిగే మనిషి పార్కులో అడుగు తడబడకుండా నడుస్తుంటే ముచ్చటగా ఉండేది.

ఎనిమిదో రౌండు కాగానే ఆయన పేపరు కోసం వెనక గేటు వైపు వెళ్ళేవాడు. ఆమె క్యారేజీ సర్దడానికి ముందు గేటులోంచి ఇంటికి పోయేది. పావుగంటకు ఆయన వచ్చేవాడు. వెనక గేటు బయటి పరాఠాల బండి వాసన శాలువాకు పట్టి ఉండేది. ఆమె బూట్లు మంచుకు తడిసి ముద్దయ్యేవి, ఆయనవి పొడిగా ఉండేవి.

"నేను సిమెంటు బాట మీద నడుస్తా. నువ్వు గడ్డి తొక్కుతావు," అనేవాడు.

మాట్లాడించకు అన్నాడు గానీ మాట్లాడొద్దు అనలేదుగా. వెనక నడుస్తూ కమలే మాట్లాడేది. కూరగాయలతో మొదలైన మాట ఒకరోజు ఎటో పోయింది.

"మీకేమైనా అయితే నాకీ ఊళ్ళో బస్సు నంబర్లు కూడా తెలియవండీ. పద్నాలుగేళ్ళ నుంచీ ఎక్కడికెళ్ళినా మీ వెనకే."

శాలువా ఒక్క క్షణం నెమ్మదించింది.

మూడోనాడు ఎనిమిదో రౌండు అయ్యేసరికి, ఆమె రోజూ లేసులు కట్టుకునే బెంచీ మీద ఢిల్లీ బస్సుల పుస్తకం ఉంది. ఎగిరిపోకుండా పైన ఒక రాయి. ఆయన అప్పటికే మంచులో కలిసిపోతున్నాడు. ఇంటికెళ్ళాక ఆ సంగతి ఎత్తలేదామె. ఎత్తితే ఆయన సిగ్గుపడతాడు. కానీ మరుసటి వారం ఒక్కతే బస్సెక్కి సరోజినీ నగర్ బజారుకు వెళ్ళి వచ్చింది.

ఇంకోరోజు తడి ఆకుల మీద జారిపడితే, ఉన్ని గ్లవ్సు తొడిగిన చెయ్యి ఆమెను పట్టి లేపింది. ఒక్క మాట లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన బయట ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆ రోజంతా కమల తనలో తను నవ్వుకుంటూనే ఉంది.

అలాంటి మనిషిని పోగొట్టుకోకూడదు. ఈ బరువు సంగతేమిటో తేలాలి.

మర్నాడు మంచు మరీ దట్టంగా ఉంది. అయిదో రౌండులో ఆమె గబగబా నడిచి దూరం తగ్గించింది.

"ఒక్క నిమిషం ఆగండి."

నీలం క్యాపు ఆగింది.

"మీ షరతు నాకు గుర్తుంది. ఇవాళ్టికి తప్పుతా. దొంగచాటుగా ఏం తింటున్నారో చెప్పండి. కోప్పడను. ఆ పుస్తకం పెట్టిన మనిషి, పడితే లేపిన మనిషి నాతో అబద్ధం ఆడడని నాకు తెలుసు."

ఆయన మెల్లగా ఇటు తిరిగాడు. ఏదో చెప్పబోయి ఆగి, గ్లవ్సు చేతులతో మంకీ క్యాపు పైకి లాగాడు.

దాని కిందినుంచి ఒత్తయిన తెల్లజుట్టు బయటపడింది.