అసిరయ్యను పంపెయ్యండి

"నా మొగుణ్ణి ఇయాలే రాజమండ్రి జైలుకి తోలేయండి. హుకుం వొచ్చి పది రోజులైనాది. ఇంకా ఇక్కడెందుకు మేపుతన్నారు?"

సబ్‌జైలు గేటు పట్టుకుని కూర్మమ్మ అరుస్తోంది. నౌపడ ఉప్పుమళ్ల తగాదాలో మనిషిని చంపి, ఏడేళ్ల శిక్ష పడిన అసిరయ్య ఆమె భర్త.

"పోలీసులంతా నక్సలైట్ల గాలింపుకని కొండల మీదున్నారు. వచ్చే వారం చూద్దాం," అన్నాడు జైలరు.

"అయితే కలెక్టరుగారి జీపుకి అడ్డం తొంగుంటాను."

జైలరు తిట్టుకుంటూ ఎలాగో ఇద్దరు పోలీసుల్ని రప్పించాడు. సంకెళ్లతో బయటికొచ్చిన అసిరయ్య భార్య కాళ్ల ముందు ఉమ్మేశాడు.

"నన్నొదిలించుకోడానికి అంత తొందరేటే? సచ్చినా నీ మొకం సూడను."

పోలీసులు అతన్ని రాజమండ్రి బస్సెక్కించారు. బస్సు వెళ్లిపోయాక కూడా కూర్మమ్మ గేటు దగ్గరే కూర్చుంది.

మధ్యాహ్నం పోలీసులు కొత్త ముద్దాయిని తెచ్చారు. అతను అసిరయ్య చంపిన మనిషి తమ్ముడు. ఈ జైల్లోకి రావాలనే కానిస్టేబులును కొట్టి పట్టుబడ్డాడు. జైల్లో ఉన్న ఒకే ఒక్క గదిలోకి తొంగిచూసి, "అసిరిగాడేడీ?" అని కేకేశాడు.

జైలరు నిర్ఘాంతపోయి కూర్మమ్మ వైపు తిరిగాడు. "వీడొస్తాడని నీకు ముందే తెలుసా? మరి మీ ఆయనతో చెప్పలేదేం?"

"నిన్న సంతలో ఇన్నాను బాబూ. ఈడొస్తన్నాడని తెలిస్తే, ఈడి సంగతి తేల్చకుండా మావోడు ఇక్కణ్ణించి కదుల్తాడా? తిట్టుకుంటే తిట్టుకోనీండి. బతికున్నాడు."