తొంభై ఒక్కేళ్ళ సదయ్య

అచ్యుతరావు పేరు వింటేనే మొగిలి మొహం తిప్పుకుంటాడు.

గోదావరిఖనిలో ఒకప్పుడు బట్టల షాపు నడిపిన మనిషి. ఇప్పుడు డబ్బాల్లో బూడిదరంగు పొడి అమ్ముతున్నాడు. పొద్దున్నే ఒక చెంచా నీళ్ళలో కలుపుకుని తాగితే ముసలితనం ఆగిపోతుందట. ఒంట్లో కణాలు మళ్ళీ పడుచువి అవుతాయట. రుజువేదని ఎవరైనా అడిగితే చెయ్యి చాపి ఒక మనిషిని చూపిస్తాడు.

ఆ మనిషి మొగిలి తండ్రి సదయ్య.

ఆ ఆదివారం సెంటినరీ కాలనీలో మీటింగు పెట్టాడు. సదయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా చకచకా స్టేజీ మెట్లెక్కాడు. శాలువా కప్పారు.

"తొంభై ఒకటి!" అచ్యుతరావు మైకులో అరిచాడు. "గనిలో రిటైరై ముప్పై ఒక్క ఏళ్ళు! ఆ నడక చూశారా? ఆ పళ్ళు చూడండి. తాతగారూ, ఒక్కసారి నవ్వండి!"

సదయ్య నవ్వాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు జనం ముందుకు వంగి మరీ చూశారు. మొగిలి బయటికొచ్చి కాండ్రించి ఉమ్మాడు.

పక్కింటి సారక్క కూడా రెండు డబ్బాలు కొనుక్కుని వచ్చి అతని ఆటో ఎక్కింది. పదిహేనేళ్ళుగా షుగరు ఉన్న మనిషి. కాలి బొటనవేలి మీద పుండు లేచి నెలయింది, మానడం లేదు.

"అక్కా, షుగరు గోలీలు ఏసుకుంటున్నవా?"

"బంద్ జేసిన. మీ బాపు ఏ గోలీలు మింగుతుండు? గుర్రం లెక్క ఉన్నడు."

"ఆయన గా పొడి తాగవట్టి నెల గూడ కాలే. తొంభయ్యేండ్లు పొడి లేకుండనే బతికిండు గదనే!"

"నెల తాగితేనే గట్లున్నడు. నేను ఏడాది తాగుత సూడు. నీ ఆటో ఎనుక ఉరుకుత."

ఇంటికొచ్చాక మొగిలి తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"నీ పండ్లు సూపిచ్చి ఆడు డబ్బాలమ్ముతుంటే సిగ్గనిపిస్తలేదా బాపూ?"

"శాలువా కప్పిన్రు రా. గనిల దిగినన్ని రోజులు ఒక్కడన్న కప్పిండా?"

"సారక్క గోలీలు బంద్ వెట్టింది. ఏలు నల్లవడ్డది. రేపు ఏమన్నయితే ఎవని మెడకు సుట్టుకుంటది?"

సదయ్య శాలువా మడత పెట్టడం ఆపలేదు. "మరి ఏం జెయ్యమంటవ్? మైకు గుంజుకొని జెప్పాల్నా?"

మొగిలి ఆటో తాళం తీసుకుని బయటికెళ్ళిపోయాడు.

రెండు రోజులకు సుజిత వచ్చింది. ఊళ్ళో వచ్చే చిన్న వారపత్రికలో ఆరోగ్యం పేజీ ఆమే చూస్తుంది. సదయ్య మీద పొగుడుతూ వ్యాసం వేస్తే ఏడాది పొడుగునా ప్రకటనలిస్తానని అచ్యుతరావు చెప్పాడు. పత్రిక యజమాని ఎగిరి గంతేశాడు. సుజిత ఒప్పుకోలేదు.

"ప్రకటన వేరే, వ్యాసం వేరే అన్నా," అంది మొగిలితో. "ముసలితనం గురించి సైన్సుకు ఎంత తెలుసో, ఎంత తెల్వదో రెండూ రాస్త. కాని ముందుగాల తాత వయసుకు కాగితం గావాలె."

"వయసు తప్పని తేలితే?"

"పేజీ నిండ గదే రాస్త. అచ్యుతరావు తెల్లారే దుకాణం కట్టేస్తడు. సారక్క అసొంటోళ్ళు మళ్ళ గోలీలు ఏసుకుంటరు." ఆమె అతని మొహంలోకి చూసింది. "నీకేమన్న అనుమానం ఉన్నదా?"

మొగిలి లేచాడు. లోపలికెళ్ళి పెట్టె తెరిచి పెన్షను పుస్తకం తెచ్చాడు. నెలనెలా ఆ ఇంట్లోకి బియ్యం తెచ్చేది ఆ పుస్తకమే.

"అనుమానమేముంటది," అన్నాడు. "సూస్కో."

సుజిత చూసింది. ఫోటో సదయ్యదే. పుట్టిన తేదీ సరిపోయింది. కంపెనీ ముద్ర ఉంది. అంతటితో ఆగకుండా ఆఫీసుకెళ్ళి రికార్డు కూడా అడిగింది. అక్కడా అదే తేదీ.

శనివారం పత్రిక వచ్చింది.

"రికార్డుల ప్రకారం సదయ్య వయసు తొంభై ఒకటి. ఆయన పొడి తాగుతున్నది ఇరవై ఆరు రోజులుగా. దాని వల్ల ఆయుష్షు పెరుగుతుందనడానికి ఏ ఆధారమూ లేదు. షుగరు మందులు ఎవరూ మానవద్దు."

అచ్యుతరావు మొదటి వాక్యం ఒక్కటే కత్తిరించి, పెద్దక్షరాల్లో అచ్చు వేయించి డబ్బాల మీద అంటించాడు. సారక్క డబ్బా పట్టుకుని వచ్చి మొగిలి ముక్కు మీద పెట్టినంత పని చేసింది.

"సూడు, పేపర్ల గూడ పడ్డది. సదువుకున్న పిల్ల, అబద్ధం రాస్తదారా?"

నెల తిరక్కుండానే కరీంనగర్ దవాఖానలో సారక్క కాలు మోకాలి కిందికి తీసేశారు.

చూడటానికి వచ్చిన సుజిత వార్డు బయట మొగిలి పక్కన కూలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను రాసిన దాంట్ల తప్పెక్కడున్నది అన్నా? ఒక్కొక్క ముక్క సూసి రాసిన."

"నీ తప్పేం లేదు చెల్లె," అన్నాడు మొగిలి. తన గొంతు తనకే రోతగా వినిపించింది.

సదయ్య అన్నది తండ్రి అసలు పేరు కాదు, ఎన్నడో చచ్చిపోయిన ఆయన పెద్దన్నది. ఆ పేరుతో, ఆ పుట్టిన తేదీతో గనిలోకి దిగిన మొగిలి తండ్రికి, అరవై నిండాయని కంపెనీ రిటైర్మెంటు దండ వేసిన రోజున నిజంగా నిండినవి నలభై ఒకటి, పోయింది పందొమ్మిదేళ్ళ జీతం.