చిప్పు కాలు

కంప్యూటరు మూడోసారి కూడా ఆగిపోయింది.

ఆ రోజు మహర్నవమి. ఎమ్మిగనూరులో సేతుమాధవరావు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆయుధపూజ. టైపు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టారు. కొత్తగా వచ్చిన కంప్యూటరుకూ పెట్టారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పసుపునీళ్లు చల్లారు, కుంకుమ వేశారు, దాని ముందరే కొబ్బరికాయ కొట్టారు. కరెంటుతో నడిచేదానికి నీళ్లేమిటని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

స్విచ్చి వేస్తే ఫ్యాను ఒక చుట్టు తిరుగుతుంది. టక్కున ఆగుతుంది.

పిల్లల్ని చేర్పించాలని వచ్చిన తండ్రులు ముప్పైమంది వాకిట్లో కూర్చున్నారు. కూతురు సరస్వతిని హైదరాబాదు పంపి మరీ కంప్యూటరు నేర్పించాడు సేతుమాధవరావు. ఈ పూట ఆమె నడిపి చూపిస్తే క్లాసు నిండుతుంది. పూజలోనే ఆగిపోయిందంటే అపశకునమని అందరూ లేచిపోతారు.

"ఏమైంది కృపానందం?"

రేడియో మెకానిక్ కృపానందం పెట్టె మూత విప్పి చూశాడు.

"లోపల ఒక చిప్పు ఉంటాది సార్. స్విచ్చి వేస్తానే అన్నీ సరిగా ఉండాయా లేదా అని సూస్తాది. యాడన్నా తేడా ఉంటే కరెంటు ముందుకు పోనియ్యదు."

"తేడా ఏముంది?"

"నాకేమీ కనపడలే సార్."

"మరెలా?"

"ఆ చిప్పుకు సూసే కాలు ఒకటుంటాది. దాన్ని ఎత్తేస్తే ఇంక ఆపదు. నడుస్తాది."

"ఎత్తెయ్యి. పన్నెండు దాటితే రాహుకాలం."

"ఎత్తొద్దు సామీ."

అందరూ తిరిగి చూశారు. నందవరం నుంచి పూజకు అరటిపిలకలు మోసుకొచ్చిన మనిషి. మాసిన పంచె, భుజాన తువ్వాలు.

"అది ఊరికే ఆగదు సామీ. లోపల తడి తగిలింటాది. రెండు దినాలు ఆరనియ్యండి."

"నువ్వెవరయ్యా నాకు చెప్పడానికి?"

ముందు వరసలో ఒకాయన నవ్వాడు. "ఇంకా ప్రసాదం బొరుగులు పెట్టలేదని వచ్చినట్టుండాడు. ఇయ్యండప్పా గుప్పెడు."

వాకిలంతా నవ్వింది. సరస్వతి నవ్వలేదు.

"నాన్నా, ఎల్లుండి చూపిద్దాం."

"నువ్వు ఊరుకో సరసూ."

కృపానందం చిప్పు కాలు ఎత్తేశాడు. స్విచ్చి వేశాడు. ఫ్యాను తిరిగింది, తిరుగుతూనే ఉంది. తెరమీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. చప్పట్లే చప్పట్లు!

ఉన్నట్టుండి అంతా ఆరిపోయింది.

అరుగుమీద మీటరు దగ్గర ఆ మనిషే ఉన్నాడు. మెయిను స్విచ్చి దించేసి, దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పాప ముందర కూసుంటాంది సామీ. పెట్టెకు మూత కూడా లేదు. వద్దు సామీ, నీ కాళ్లు పట్టుకుంటా."

సేతుమాధవరావుకు ఒళ్లు మండిపోయింది. జన్మలో ఎవరిమీదా చెయ్యెత్తని మనిషి, ఆ రోజు ఎత్తాడు. చెంప ఛెళ్లుమంది.

"దరిద్రుడా! ఎవడు ఆపమన్నాడురా నిన్ను?"

ఇద్దరు రెక్కలు పట్టుకుని అతన్ని వీధిలోకి తోశారు. మెయిను మళ్లీ ఎక్కించారు.

సరస్వతి కూర్చుంది. తన పేరు కొట్టింది. తెర వణికింది.

"ఏదో కాలుతున్న వాసన నాన్నా..." అంటూ పెట్టెలోకి వంగి చూసింది.

ఢామ్మని పేలింది.

ఆ పిల్ల రెండు చేతులతో కళ్లు మూసుకుని పెట్టిన కేకకు ముప్పైమందీ వీధిలో పడ్డారు. వీధిలోంచి లోపలికి పరుగెత్తుకొచ్చింది మాత్రం చెంపదెబ్బ తిన్నవాడే. ముందు మెయిను దించాడు. తర్వాత బిందె ఎత్తి సరస్వతి కళ్లలో నీళ్లు పోశాడు.

"కండ్లు తెరువు తల్లీ... తెరువు..."

జీపులో ఆదోని దాకా పోస్తూనే ఉన్నాడు. అతన్ని ఎవరూ దిగమనలేదు. పేరూ అడగలేదు.

ఆసుపత్రిలో చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు.

"పెట్టెలో పేలిన భాగంలోని రసాయనం సలసల కాగి కళ్లలో పడింది. రెండూ పోయాయండీ."

సేతుమాధవరావు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఏడవడానికి కూడా చేతకాలేదు. ఎప్పటికో తలెత్తితే ఆ మనిషి లేడు. నేల తుడుస్తున్న ఆయా హనుమంతమ్మ ఉంది.

"మాతో వచ్చినాయన ఏడమ్మా?"

"దుర్గప్పన్ననా? బస్సుకు పోయినాడు సామీ. పాప సంగతి ఇని, ఏడ్సుకుంటా పోయినాడు."

"నీకు తెలుసా ఆయన?"

"తెలియకేం సామీ! ఈ ఊర్లోనే జిన్నింగు ఫ్యాక్టరీలో కరెంటు పని సేసేటోడు. నేనూ ఆడనే పత్తి ఏరుతాంటి. తొమ్మిదేండ్లాయ. ఒకనాడు కమురు వాసనొస్తాందని మెయిను దించి, మిల్లు మొత్తం ఆపేసినాడు. లోపల నలభైమంది ఆడోళ్లం సామీ, సుట్టూ పత్తి. విప్పి సూస్తే వైరు మాడి నల్లగుండె. ఆయప్ప ఆపకుంటే మాకు బూడిద గూడా మిగలకపోవు."

"తర్వాత?"

"తర్వాతేముంది? మంట రాలే, ఏమీ కాలే. ఏమీ కాకపోతే ఎవురు నమ్ముతారు? ఉత్తపుణ్యానికి మిల్లు ఆపినాడని కాగితం రాసిచ్చి, పనిలోంచి తీసేసినారు. ఆ కాగితం సూపిస్తే మల్లా యాడా పనియ్యలేదు. ఇట్ల మూటలు మోసుకొని బతుకుతాండాడు."

సేతుమాధవరావు తన చేతులవంక చూసుకున్నాడు.

అప్పట్లో ఆ ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ, 'వైర్‌మన్ దుర్గప్ప అకారణంగా మిల్లు ఆపినందుకు' అని ఒక్క తప్పు లేకుండా ఆ కాగితం టైపు కొట్టింది ఆయనే.