నొప్పించకుండా తీసేయడం

మధ్యాహ్నానికల్లా శాండ్‌విచ్ మాస్టారి ఉద్యోగం ఏడుసార్లు ఊడింది. ఒక్కసారీ ఆయనకి నచ్చేలా ఊడలేదు.

అది మానవ వనరుల నిర్వహణలో పీజీ చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష. మాస్టారు బల్లకి ఒకవైపు ఉద్యోగిలా కూర్చుంటారు. విద్యార్థి ఎదురుగా మేనేజరులా కూర్చుని ఆయన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి. అదీ మనసు నొప్పించకుండా. ముందొక పొగడ్త, మధ్యలో అసలు సంగతి, చివర ఇంకో పొగడ్త. ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి నూరిపోస్తున్నందుకే ఆయనకా పేరు వచ్చింది.

విద్యార్థులంతా దూరవిద్య వాళ్ళు. ఫీజు కట్టేటప్పుడూ పరీక్షప్పుడూ తప్ప కాలేజీ గడప తొక్కరు. మాస్టారికి ఒక్క మొహమూ తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. మనుషుల్ని అర్థం చేసుకోవడం ఎలాగో చెబుతూ ఆయన రాసిన పుస్తకం మాత్రం నాలుగో ముద్రణలో ఉంది.

ఇవాళ ఆయన మనసు మనసులో లేదు. డిపార్ట్‌మెంట్ హెడ్డు కుర్చీ వేసవి నుంచీ ఖాళీగా ఉంది. అది తనదేనని ఆయన ఎప్పుడో ఖాయం చేసుకున్నారు. భార్య అప్పుడే చుట్టాలందరికీ ఫోన్లు చేసేసింది. "మీ సంగతి ఇవాళ తేల్చేస్తాం, కబురు పంపిస్తాను" అని డైరెక్టరు గారు పొద్దున మెట్ల దగ్గర భుజం తట్టి మరీ చెప్పారు.

ఆ సంతోషంలో కూడా విద్యార్థులు ఆయన్ని విసిగించారు. ఒకాయన పొగడ్తతో మొదలుపెట్టి, ఆ ఊపులో జీతం పెంచి పంపేశాడు. ఒకమ్మాయి మధ్యలో ఏడ్చేస్తే మాస్టారే మంచినీళ్ళిచ్చి ఓదార్చాల్సి వచ్చింది. ఇంకొకాయన "రేపట్నించి రాకండి" అని లేచి వెళ్ళిపోయాడు. పైగా అందరూ ఆయన్ని బిస్కట్ల ఫ్యాక్టరీ గుమస్తాగానో, లారీ కంపెనీ మేస్త్రీగానో ఊహించుకుని తీసేసినవాళ్ళే.

"ఇంకా ఎంతమంది మిగిలారోయ్?" అని అటెండర్ని అడిగారు.

"ఒక్కరేనండి. బయట ఒకావిడ కూర్చునుంది."

"ఆవిణ్ణి లోపలికి పంపి నువ్వెళ్ళి భోంచెయ్."

ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ నలగని చీర, భుజానికి బ్యాగు. నమస్కారం పెట్టి, తలుపు నెమ్మదిగా మూసి, ఫోను ఆపేసి ఎదురుగా కూర్చుంది. మాస్టారు మార్కుల కాగితం ముందుకు లాక్కున్నారు. తలుపు మూసినందుకు రెండు, ఫోను ఆపినందుకు రెండు.

"ఊఁ, కానివ్వండమ్మా. ఎందుకొచ్చారో నాకు తెలుసుగా."

ఆవిడ కాస్త తెల్లబోయింది. తర్వాత తేరుకుంది.

"సార్, మీ పుస్తకం చదివే నేనీ దారిలోకి వచ్చాను. మీలా చెప్పేవాళ్ళు అరుదు."

పైరొట్టె బాగా కుదిరింది అనుకున్నారు మాస్టారు.

"కానీ ఈ కోర్సులో చేరేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఇక మీ పోస్టు ఉండదు సార్. ఇది మారే నిర్ణయం కాదు."

మాస్టారికి ముచ్చటేసింది. గుమస్తా లేదు, మేస్త్రీ లేదు. లెక్చరర్ని లెక్చరర్‌గానే తీసేస్తోంది. అదీ తెలివంటే.

"ఇక్కడ కొంచెం ఆగాలమ్మా. అవతలి మనిషికి దెబ్బ తగలనివ్వాలి."

ఆవిడ ఆగింది. కళ్ళు కూడా దించుకుంది. మాస్టారికి హుషారొచ్చి గొంతులో జీర తెచ్చుకున్నారు.

"ఇన్నేళ్ళు ఊడిగం చేశానమ్మా. పిల్లదాని చదువింకా సగంలో ఉంది. హెడ్డునవుతానని మా ఆవిడ అందరికీ చెప్పుకుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్ళను?"

"మీ బాధ నాకు తెలుస్తోంది సార్. కోపమొస్తే నా మీద చూపించండి, పడతాను." ఆవిడ గొంతు నిజంగానే వణికింది. "మీ దగ్గర చదువుకున్నవాళ్ళు లేని ఆఫీసు లేదు. ఆ పేరు మీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేరు."

కిందిరొట్టె కూడా పడింది. మాస్టారు ధారాళంగా మార్కులు వేసుకుంటూ పోయారు.

"ఐడీ కార్డూ, గది తాళమూ ఇప్పిస్తే..."

ఆయన మెడలోంచి కార్డు తీసి, తాళంచెవి జతచేసి, దర్జాగా బల్ల మీద పెట్టారు.

"మీ సామాన్లు సర్దడానికి సెక్యూరిటీ అతను వస్తాడు సార్. గేటు దాకా తోడుంటాడు."

ఇది పుస్తకంలో లేదు. ఐదో ముద్రణలో చేర్చాలనుకున్నారు.

"చాలా సంతోషమమ్మా," అన్నారు నిండుగా నవ్వుతూ. "నన్నింత హాయిగా ఎవరూ తీసెయ్యలేదు."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. "మీరింత పెద్దమనసుతో తీసుకుంటారనుకోలేదు సార్," అని, కార్డూ తాళమూ బ్యాగులో వేసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

గది దాటేదాకా పాత్రలోంచి బయటికి రాని ఆ పట్టుదల మాస్టారికి తెగ నచ్చింది. కార్డు తర్వాత తెచ్చిస్తుందిలే అనుకున్నారు. నూటికి తొంభై ఎనిమిది వేసి, ఆవిడ హాల్‌టికెట్ నంబరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చి తలెత్తారు.

తలుపు దభాలున తెరుచుకుంది. సెక్యూరిటీ అతను ఖాళీ అట్టపెట్టెతో లోపలికి వచ్చాడు. అతన్ని తోసుకుంటూ, చెమటకి చొక్కా తడిసిపోయిన నడివయసు మనిషొకడు హాల్‌టికెట్ ముందుకి చాపాడు.

"బస్సు లేటైంది సార్, ఆఖరి నంబరు నాదే, మిమ్మల్ని తీసెయ్యడానికి ఇంకా టైముందా?"