కొలతల పుస్తకంలో పేరు లేని పేజీ

"ఈ పేజీలో ఉన్నావిడ ఎవరు?"

టైలరు తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏ పేజీ?" అన్నాడు.

"పేరు లేని పేజీ."

భార్య కొలతల పుస్తకాన్ని మిషను మీద పడేసింది. దుకాణానికి వచ్చే ప్రతి మనిషి కొలతా పేరుతో సహా రాసుంటుంది అందులో. ఈ ఒక్క పేజీకే పేరు లేదు. నడుము ఇరవై ఎనిమిది. అది కొట్టేసి ఇరవై తొమ్మిది. అదీ కొట్టేసి ముప్ఫై. అలా ఎనిమిది కొట్టివేతలయ్యాక ముప్ఫై ఆరు. పేజీకి గుచ్చిన నీలం గుడ్డ పీలిక అచ్చం ఆమె పెళ్ళినాటి జాకెట్టు రంగే. అది చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"లోకంలో ఇంకో రంగే దొరకలేదా ఆవిడకి?"

"పాత కస్టమరేలే," అని నసిగాడు.

"ఎప్పుడొస్తుంది? నేనెన్నడూ చూళ్ళేదే."

"కొలతలివ్వడానికి రానక్కర్లేదు. కంటికొలత చాలు నాకు."

ఆమె అగ్గి మీద గుగ్గిలమైంది. కంటికొలత కుదరాలంటే ఎంతసేపు కళ్ళప్పగించి చూసుండాలి? మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి తను కునుకు తీసే వేళకే ఈ మిషను ఎందుకు మోగుతుందో ఇప్పుడు తెలిసింది.

"పోనీ నాజూకు మనిషా అంటే అదీ కాదు. ఏడాదికో అంగుళం. కడుపు నిండాక చెయ్యి ఆపడం తెలియదు కాబోలు."

"ఆవిణ్ణేమీ అనకు," అన్నాడు మెల్లగా.

వెనకేసుకొస్తున్నాడు కూడా. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకేం తక్కువని? నోటికి నచ్చింది తింటాను. ఓ పూట ఎక్కువైతే మర్నాడు ఆకలే వెయ్యదు. నా ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుంది." అతనే ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించిన తన పెళ్ళినాటి నీలం జాకెట్టును లాగి అతని ఒళ్ళో విసిరింది. "తొమ్మిదేళ్ళయింది పెళ్ళయి. ఇప్పటికీ ఒక్క గుండీ బిగుతవలేదు. నాలాంటి దాన్ని పెట్టుకుని ఆవిడెందుకండీ మీకు?"

"చెబితే బాధపడతావు."

"పడతాను. ఆవిడెవరో చెప్పండి. లేదంటే ఇప్పుడే మా అక్క ఇంటికి పోతాను."

టైలరు సూది పక్కన పెట్టి, జాకెట్టును లోపలి వైపుకు తిప్పి ఆమె ముందు పరిచాడు.

చంకల కింద నుంచి నడుము దాకా అదే నీలం గుడ్డతో ఎనిమిది అతుకులున్నాయి.