చప్పట్ల మనిషి

కారు వెనక్కి కదిలిందో లేదో, టపటపమని చప్పట్లు మొదలయ్యాయి.

"వచ్చేసిందే నీ బ్యాండు మేళం!" అంది అత్తగారు వరండాలోంచి, నవ్వాపుకుంటూ.

కోడలు పళ్లు నూరింది.

ఆమె రేడియోలో వార్తలు చదువుతుంది. రోజంతా గొంతుతో బతికే మనిషి కాబట్టి, దారిలోనైనా కాస్త నిశ్శబ్దం కావాలంటుంది. అందుకే ఏరికోరి ఈ హైబ్రిడ్ కారు కొనిపించింది. సెకండ్ హ్యాండే అయినా ముద్దొస్తూ ఉంటుంది. మెల్లగా వెళ్లినంతసేపూ బ్యాటరీ మీదే నడుస్తుంది. పిల్లి నడిచినట్టే.

ఆ నిశ్శబ్దానికి తూట్లు పొడవడానికే పుట్టినట్టు, కొన్నాళ్లుగా ఈ మనిషి తగులుకున్నాడు.

నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, మాసిన గడ్డం. సరిగ్గా ఆమె బయల్దేరే వేళకి సందులో ప్రత్యక్షమవుతాడు. కారు గేటు దాటి వెనక్కి వస్తుంటే పక్కనే నడుస్తూ, "తప్పుకోండి, కారొస్తోంది" అంటూ చప్పట్లు కొడతాడు. కారు రోడ్డెక్కగానే చేతులు దించి తన దారిన తాను పోతాడు.

సందులో వాళ్లు అప్పుడే 'చప్పట్ల మనిషి' అని పేరు కూడా పెట్టేశారు.

ఆ రోజు ఆమె కారాపి అద్దం దించింది.

"ఏమయ్యా, ఎవరు నువ్వు? రోజూ ఏమిటీ గోల?"

"మీ కారు చప్పుడు చెయ్యడం లేదమ్మా."

"చెయ్యదనేగా కొనుక్కుంది!"

"అది కాదమ్మా. ఇంజన్ ఆగి ఉన్నా, మెల్లగా వెళ్లేటప్పుడు నడిచేవాళ్లకి తెలిసేలా ఒక కూత రావాలి. మీదాంట్లో రావడం లేదు. ఒక్కసారి వర్క్‌షాపులో చూపించండి."

"నువ్వేమన్నా మెకానిక్‌వా?"

"కాదమ్మా."

"మరి నీకెందుకయ్యా?"

అతను ఏదో చెప్పబోయాడు. అంతలోనే తల దించుకుని కారు వెనక చక్రం వంక చూశాడు.

ఆమె ఎగాదిగా చూసింది. గిరాకీ కోసం వర్క్‌షాపువాళ్లే పంపి ఉంటారనుకుంది.

"రేపు ఈ సందులో కనబడ్డావంటే పోలీసులకి ఫోన్ చేస్తాను."

"చూపిస్తానని మాటివ్వండమ్మా. ఇంక రాను."

"సరే, చూపిస్తాలే. వెళ్లు!"

వదిలించుకోవడానికి అన్న మాట. అతను మాత్రం నిజమనుకున్నట్టున్నాడు. రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"ఏమయ్యాడే నీ చప్పట్లవాడు?" అంది అత్తగారు.

"పీడ వదిలింది, అత్తయ్యా!"

వారం తిరక్కుండానే ఒక పొద్దున సందంతా వాన బురద. కారు వెనక కెమెరాకి మట్టి పట్టి, తెర మీద ఏమీ ఆనడం లేదు. అద్దాల్లో చూసింది. ఎవరూ లేరు. రివర్స్ గేరు వేసింది.

దభీమని చప్పుడు.

గేటు తగిలిందనుకుంది. దిగి వెనక్కి వెళ్లి చూస్తే, నేల మీద అత్తగారు. గాలికి ఎగిరిపడ్డ తువ్వాలు తియ్యడానికి కారు వెనక వంగిందట.

"అత్తయ్యా!"

"కారు ఆగే ఉందనుకున్నానే..." అత్తగారి మొహం పాలిపోయి ఉంది. "చప్పుడే లేదుగా."

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మళ్లీ లేచి నడుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్లు.

కోడలు మైకు ముందు కూర్చుంది గానీ, వార్తలు చదవకుండానే లేచింది. సెలవు పెట్టి, కారుని నేరుగా వర్క్‌షాపుకి తీసుకెళ్లింది. ఆ కంపెనీ కార్లకి ఊళ్లో ఉన్నది అదొక్కటే.

"సర్వీసు ఎప్పుడు చేయించారమ్మా?" అడిగాడు మెకానిక్.

"కొన్నాక చేయించలేదు. పెట్రోలు తక్కువే తాగుతోంది, బాగానే నడుస్తోంది కదా అని..."

"అందరూ ఇదే మాట. ఇదిగో చూడండి, వెనక సీటు పక్కన పెద్ద బ్యాటరీకి గాలి తీసుకునే జాలీ దుమ్ముతో పూడుకుపోయింది. ఈ కార్లలో బ్రేకుల వాడకం తక్కువ కదా, డిస్కులు తుప్పు పట్టాయి. డిక్కీలో చిన్న బ్యాటరీ అయితే ఇవాళో రేపో అన్నట్టుంది."

అవేవీ ఆమె చెవికెక్కడం లేదు.

"మెల్లగా వెళ్లేటప్పుడు కూత రావాలటగా? అది చూడండి ముందు."

అతను ముందు బంపర్ కిందికి దూరాడు. ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చి, గబగబా వెళ్లి నంబరు ప్లేటు చూశాడు. అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇది ఆ కారేనా!"

"ఏ కారు?"

"స్పీకర్ చెడిపోలేదమ్మా. వైరు పీకేసి ఉంది. మీకంటే ముందు దీన్ని వాడిన ఆయన, ఆ కూత చెవిలో జోరీగలా ఉందని తనే పీకేసుకున్నాడు. ఆయనకో చిన్న పాప. ఒకరోజు వాకిట్లో కూర్చుని సుద్దముక్కతో బొమ్మలు గీసుకుంటోందట. ఈయన కారు వెనక్కి తీశాడు."

"పాప..?"

మెకానిక్ తల అడ్డంగా ఊపాడు.

ఆమె వంగి, బంపర్ కింద వేలాడుతున్న వైరు వంక చూసింది.

"ఆయన పిచ్చివాడిలా ఆస్పత్రిలో పడుంటే, బావమరిది ఈ కారు అమ్మేశాడు. తేరుకున్నాక పరిగెత్తుకుంటూ మా దగ్గరికే వచ్చాడు, 'వైరు అలాగే ఉండిపోయింది, ఎవరు కొన్నారో చెప్పండి' అంటూ. మాకేం తెలుస్తుంది?"

"ఇప్పుడు... ఇప్పుడు ఎక్కడుంటారాయన?"

"అదేగా, వీధి వీధీ గాలించాడు. మొన్నామధ్య మళ్లీ వచ్చి, 'కారు దొరికిందయ్యా, ఆవిడ నీ దగ్గరికి తెస్తానని మాటిచ్చింది, వైరు గట్టిగా కలుపు' అని నా చేతులు పట్టుకుని, ఆ రోజే ఊరొదిలి వెళ్లిపోయాడమ్మా."